హైవే ఎక్కకుండా ఏర్పేడు దాకా

"గ్రావెల్ బైకంటే ఏంది నాయనా? గ్రావెల్ తోలే బండా?"

పాపానాయుడుపేటలో టీ బంకు దగ్గర ఒక పెద్దాయన అడిగిన మాట ఇది. నవ్వొచ్చింది కానీ ఆయన తప్పేం లేదు. మా వైపు గ్రావెల్ అంటే టిప్పర్లో వచ్చే ఎర్రమట్టి. ఇంటి పునాదిలో పోస్తారు, కొత్త లేఅవుట్లో రోడ్డుకి పోస్తారు. లోడు ఎంత అని బేరం చేస్తారు. దాని మీద పనిగట్టుకుని సైకిల్ తొక్కడానికి ఒక ఆట ఉందని, ఆ ఆటకి ప్రత్యేకంగా సైకిల్ ఉందని చెబితే ఎవరికైనా వింతే.

ఉంది మరి. చూడ్డానికి రేసు సైకిల్లా వంగిన హ్యాండిలే ఉంటుంది. టైర్లు మాత్రం లావు, 38 నుంచి 45 మిల్లీమీటర్ల దాకా. గాలి తక్కువ కొడతాం. రాయి తగిలినా టైరే నొక్కుకుని సర్దుకుంటుంది, మన నడుం దాకా రాదు. డిస్క్ బ్రేకులు, ఎత్తు ఎక్కడానికి తేలిక గేర్లు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని ఎంపోరియా అనే ఊళ్ళో 2006లో మట్టిరోడ్ల మీద ఒక రేసు మొదలైంది. ఇప్పుడు దాన్ని అన్‌బౌండ్ అంటున్నారు. ముఖ్యమైన రేసు 200 మైళ్ళు, అంటే 320 కిలోమీటర్ల పైనే. 2022లో ఇటలీలో ఏకంగా ప్రపంచ చాంపియన్‌షిప్పే పెట్టారు. అదే ఇటలీలో టస్కనీ పల్లెల్లో తెల్లమట్టి దారులు తారు కింద పోతున్నాయని, వాటిని కాపాడుకోడానికి 1997లోనే పాత సైకిళ్ళతో ఎరోయికా అని ఒక సవారీ మొదలుపెట్టారు. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి, దీంతో తర్వాత పనుంది.

నా కథ అంత గొప్పగా మొదలవలేదు. పోయినేడాది హైవే మీద నేను రోడ్డు అంచునే పోతుంటే వెనకనించి వచ్చిన ఒక టిప్పరు భుజం పక్కగా రాసుకుంటూ పోయింది. అది ఆగలేదు. నేను కాలవలో పడ్డా. కాలర్ బోన్ విరిగింది. ఆరు వారాలు చెయ్యి మెడకి కట్టుకుని కూర్చున్నా. సైకిల్ అమ్మేస్తానని నాన్న, అమ్మనివ్వనని నేను. చివరికి మా అమ్మ తీర్పు చెప్పింది: "హైవే ఎక్కకుండా పోయేట్టయితే పో. ఎక్కినావని తెలిస్తే ఆ సైకిల్ నేనే పాత సామాన్లోడికి ఏస్తా."

అప్పుడు మొదలైంది మట్టిదారుల పిచ్చి. సెకండ్ హ్యాండ్‌లో ఒక గ్రావెల్ బైక్ కొన్నా. రాత్రిళ్ళు ఫోన్లో శాటిలైట్ మ్యాప్ జూమ్ చేసి చూడ్డం, చేల మధ్య సన్నటి గీత కనిపిస్తే దాన్ని వేలితో పట్టుకుని పోవడం. రేణిగుంట నుంచి ఏర్పేడుకి హైవే మీద అయితే అరగంట పైన కొంచెం. హైవే లేకుండా పోగలమా? ఇదీ లెక్క. ఇంకో ఆశ కూడా ఉంది. ఏర్పేడు దాటాక వెంకటగిరి రోడ్డు వైపు కొండలు, అడవి. అందులో మ్యాప్‌లో ఒక చుక్కల దారి.

సంక్రాంతి అయిన తర్వాత ఒక ఆదివారం, తెల్లారకముందే బయల్దేరాం. బయల్దేరాం అంటే నేనూ, మా బావ. మా బావ సైకిల్ గురించి చెప్పాలి. వాళ్ళ నాయన పాలకి తొక్కిన నల్ల అట్లాస్. గేర్లు లేవు. వెనక క్యారియర్ మీద రబ్బరు ట్యూబుతో కట్టిన నీళ్ళ బాటిల్, చెనిక్కాయల సంచి. నాది చూసి "దీంట్లో స్టాండ్ కూడా లేదేంది బావా, యాడ నిలబెడతావు?" అన్నాడు. నిజమే, ఈ సైకిళ్ళకి స్టాండ్ ఉండదు. ఆ రోజంతా నా సైకిల్ మా బావ సైకిల్‌కి ఆనుకునే నిలబడింది.

మంచు పొగలా ఉంది. చెరుకుతోటల మధ్య దారి తడిగా, గట్టిగా ఉంది. జనవరి గొప్పతనం అదే. మనకి పెద్ద వానలు నవంబరు, డిసెంబరుల్లో పడతాయి. అవి అయిపోయిన కొన్నాళ్ళకి మట్టి బాగా దిగుతుంది, ఇంకా దుమ్ము లేవదు. టైరు కింద చిన్నగా కరకరమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు కోసమే ఇదంతా అనిపిస్తుంది ఒక్కోసారి. మార్చి దాటితే ఈ దారుల్లో పోవాలని అనుకోకండి. ఎండకి తల పగులుతుంది.

పాపానాయుడుపేట చేరేసరికి ఏడైంది. టీ తాగి, పెద్దాయనకి గ్రావెల్ గురించి చెప్పి (ఆయన నమ్మలేదు), ఊళ్ళోకి పోయాం. ఈ ఊరు గాజు పూసల ఊరు. గాజుని కొలిమిలో కరిగించి, బోలుగా ఉండే ఇనప గొట్టానికి పట్టించి, రెండో వైపు నించి సన్నటి గొట్టంలా లాగుతూ పోతారు. ఆ గాజు గొట్టాన్ని ముక్కలు కోస్తే పూసలు. మళ్ళీ వేడి చేసి అంచులు నున్నగా చేస్తారు. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో రెండువేల ఏళ్ళ నాడు చేసిన పూసలూ ఇలా లాగిన గాజువే. ఆ రకం పూసలు ఆగ్నేయాసియా దాకా, ఆఫ్రికా తూర్పు తీరం దాకా పోయాయి. తవ్వకాల్లో దొరికిన పూస ఎట్లా చేసి ఉంటారో అర్థం చేసుకోడానికి పరిశోధకులు ఈ ఊరికి వచ్చి కొలిమి చూశారు. చచ్చిపోయిన విద్య కాదు, బతికున్న చేతుల్లో చూడొచ్చని.

అయితే ఇప్పుడు ఆ చేతులు తక్కువ. ఒక వసారాలో పూసలు గుచ్చుతున్న అక్కని అడిగా, మీ పిల్లలకి వచ్చా అని. "వాళ్ళు ఫ్యాక్టరీకి పోతా ఉండారు, బస్సొస్తాది ఇంటికాడికి" అంది. బాధగా చెప్పలేదు. సంతోషంగానే చెప్పింది. ఏసీలో పని, నెల జీతం, కొలిమి పక్కన కూర్చునే అవసరం లేదు. పాత విద్య పోతోందని మనం సైకిల్ మీద వచ్చి బాధపడితే సరిపోదు కదా. ఒక దండ కొనుక్కుని బయటపడ్డా.

అక్కడికి దగ్గర్లోనే గుడిమల్లం. రేణిగుంట నుంచి పదమూడు కిలోమీటర్లు అంటారు, మేం తిరిగిన తిరుగుడికి ఎక్కువే అయింది. మీలో చాలామంది తిరుపతికి పదిసార్లు వచ్చుంటారు, గుడిమల్లం చూసినవాళ్ళు ఎంతమంది? పరశురామేశ్వరుడి గుడి. బయటి నించి చూస్తే చిన్న గుడే. గర్భగుడి వెనక గోడ మాత్రం చదరంగా ఉండదు, ఏనుగు వీపులా గుండ్రంగా తిరిగి ఉంటుంది. లోపలికి పోతే నేల మట్టానికి కిందుగా గర్భగుడి. అందులో అయిదడుగుల లింగం. లింగం ముందు వైపు శివుడు నిలబడి ఉంటాడు, మనిషిలాగే. ఒక చేతిలో పొట్టేలు, ఇంకో చేతిలో చిన్న గిన్నె, భుజం మీద గొడ్డలి. కాళ్ళ కింద ఒక యక్షుడు, మోకాళ్ళ మీద వంగి మోస్తున్నాడు, మొహంలో నవ్వు.

ఇది క్రీస్తు పూర్వం నాటిదని ఎక్కువమంది పండితుల మాట. ఏ శతాబ్దం అన్న దగ్గర మాత్రం వాదన ఉంది. మూడు అనేవాళ్ళున్నారు, ఒకటి అనేవాళ్ళున్నారు. 20వ శతాబ్దం మొదట్లో టి.ఎ. గోపీనాథరావు దీని గురించి రాసి బయటి లోకానికి తెలియజేశారు. 1954 నుంచి పురావస్తు శాఖ కింద ఉంది. 1973లో ఇక్కడ తవ్వకాలు జరిగాయి. లింగం చుట్టూ రాతి కంచె లాంటిది బయటపడింది. అంటే ఒకప్పుడు ఇది గుడి లోపల కాకుండా ఆరుబయట, కంచె మధ్యలో పూజలందుకుంది. ఇప్పుడు మనం చూసే రాతి గుడి ఎన్నో వందల ఏళ్ళ తర్వాత, చోళుల కాలంలో కట్టింది.

నేను అనుకున్నదేమంటే, ఆ పొట్టేలు పట్టుకుని నిలబడ్డ ఆకారం గుడిలో ఉండే దేవుడిలా లేదు. గొర్రెలు తోలుకుపోయే వాడిలా ఉంది. దారిలో నడిచే వాడిలా. ఇది నా ఊహే, పండితులు ఒప్పుకోవాలని లేదు.

గుడి బయట ఒక అవ్వ మా సైకిళ్ళు చూసి, "యాడి నుంచి వస్తా ఉండారు నాయనా?" అంది.

"రేణిగుంట నుంచి అవ్వా."

"బస్సు రాలేదా?"

"వస్తాది అవ్వా. మేమే ఎక్కలేదు."

కాసేపు ఆలోచించి, కొంగులోంచి ఉడకేసిన చెనిక్కాయలు రెండు గుప్పెళ్ళు తీసి మా బావ చేతిలో పోసింది. డబ్బుల్లేక సైకిళ్ళ మీద వచ్చారనుకున్నట్టుంది పాపం. మా బావ సంచిలో ఉన్న చెనిక్కాయల సంగతి చెప్పకుండా తీసుకున్నాడు.

గుడిమల్లం నించి స్వర్ణముఖి గట్టు వైపు తిరిగాం. ఈ ముక్కే ఆ రోజుకి అసలైన గ్రావెల్. ట్రాక్టరు చక్రాలు చేసిన రెండు గాళ్ళు, మధ్యలో గడ్డి. ఒక పక్క వరి, ఒక పక్క కంపచెట్లు. స్వర్ణముఖి పాకాల వైపు కొండల్లో పుట్టి, తిరుపతి పక్కగా వచ్చి, శ్రీకాళహస్తి గుడిని తాకి, నాయుడుపేట మీదుగా సముద్రంలో కలుస్తుంది. ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. 2021 నవంబరులో వచ్చిన వరద చూసినవాళ్ళు మాత్రం దీన్ని చిన్న ఏరు అనరు. మేం పోయినప్పుడు సన్నగా పారుతోంది. ఫొటో కోసమని ఏట్లోకి దిగా. ఇసుకలో ముందు చక్రం కూరుకుపోయి నేను మాత్రం ముందుకు పోయా. విరిగిన భుజం మీద పడలేదు, అంతవరకు మేలు. మా బావ అట్లాస్‌ని భుజానికెత్తుకుని నింపాదిగా నడిచి వచ్చాడు.

ఒడ్డుకి వచ్చాక చూస్తే వెనక టైరు మెత్తబడింది. ఒకటి కాదు, నాలుగు ముళ్ళు. మనూళ్ళలో ఈ ఆటకి అసలు శత్రువు పులి కాదు, సర్కారు తుమ్మ. ట్యూబ్‌లెస్ చేయించుకుని లోపల సీలెంట్ పోయించుకుంటే చిన్న చిన్న ముళ్ళు లెక్కలోకి రావు. నేను రెండు వేలు మిగులుతాయని చేయించుకోలేదు. చేలో నీళ్ళు కడుతున్న ఒకాయన బకెట్టు ఇస్తే, అందులో ట్యూబు ముంచి బుడగలు చూసి ప్యాచ్‌లు వేసుకున్నాం. అరగంట పోయింది. అట్లాస్‌కి ఒక్క పంచర్ కూడా లేదు. ఈ విషయం మా బావ ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెబుతున్నాడు.

ఇంతవరకు హైవే ఎక్కలేదు. ఇంకొంచెం పోతే ఏర్పేడు. అక్కడ దారి ఆగిపోయింది.

ఆగిపోవడమంటే అడ్డంగా కంచె. కొత్త రాతి కూసాలు, ముళ్ళతీగ, లోపల సున్నం గీతలు, చిన్న చిన్న నెంబరు రాళ్ళు. నా ఫోన్లో శాటిలైట్ ఫొటోలో అక్కడ దారి స్పష్టంగా కనిపిస్తోంది. కాళ్ళ ముందు లేదు. పక్కన మేకలు కాస్తున్న పిల్లోడిని అడిగితే, "పోయిన ఉగాదికి ఏసినారన్నా. ముందు మా బడికి దోవ ఇదే" అన్నాడు. ఇప్పుడు ఎట్లా పోతున్నావు అని అడిగా. చెయ్యి చాపి హైవే చూపించాడు.

నా సైకిల్ సరదా సంగతి పక్కన పెట్టండి. వాడికి పన్నెండేళ్ళు ఉంటాయేమో. డొంకలో పోవాల్సిన పిల్లోడు లారీల పక్కన పోతున్నాడు. ఎరోయికా గురించి ముందు చెప్పానే, అక్కడ మట్టిదారి పోతుందని పాత సైకిళ్ళేసుకుని పండగ చేశారు. ఇక్కడ బండ్లు పోయే డొంక, ఊళ్ళో అందరిదీ అయిన దారి, ఒక రాత్రిలో ఎవరిదో సైటు అయిపోతే అడిగేవాడు లేడు. ఊరి పటంలో డొంకకి వెడల్పుతో సహా లెక్క ఉంటుంది. ఆ పటం తీసి చూసేదెవరు?

మూడు కిలోమీటర్లు హైవే తప్పలేదు.

నిజం చెప్తున్నా, ఎక్కేముందు చేతులు వణికాయి. వెనక నించి హారన్ వినిపిస్తే చాలు, భుజంలో ఆ పాత నొప్పి లేచింది. మా బావ ఏమీ అనకుండా నన్ను రోడ్డుకి ఎడమ వైపు మట్టిలో ఉంచి, తను తారు వైపు తొక్కాడు. మూడు కిలోమీటర్లూ ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఏర్పేడులో ఆ రోడ్డు మీద భయం నా ఒక్కడిదే కాదు. 2017 ఏప్రిల్ 21న ఏటి ఇసుక తవ్వకాల మీద మొర పెట్టుకోడానికి మునగలపాళెం రైతులు ఇక్కడ పోలీస్ స్టేషన్ దగ్గరికి వచ్చారు. రోడ్డు పక్కన ఉన్నవాళ్ళ మీదికి అదుపు తప్పిన లారీ ఒకటి దూసుకొచ్చింది. కనీసం పదిహేనుమంది చనిపోయారు. మేం అప్పుడే దిగి వచ్చిన ఏరు గురించి అడగడానికే వాళ్ళు వచ్చింది. అక్కడ సైకిల్ దిగి నడిచా. మా బావ కూడా దిగాడు.

వ్యాసాశ్రమం దగ్గర చెట్ల కింద గంట సేపు కూర్చున్నాం. దీన్ని పెట్టిన మలయాళ స్వామి కేరళలో పుట్టి, దేశమంతా తిరిగి, తిరుమల కొండ మీద గోగర్భం దగ్గర ఏళ్ళ తరబడి తపస్సు చేసి, 1920లలో ఈ ఊరు చేరారు. వేదాంతం కొన్ని కులాలకే, మగవాళ్ళకే అనుకునే రోజుల్లో అందరికీ, ఆడవాళ్ళకి కూడా చెప్పారు. ఆశ్రమంలో నీళ్ళు చల్లగా ఉన్నాయి. భుజం నొప్పి తగ్గింది.

అక్కడి నించి వెంకటగిరి రోడ్డు. ఐఐటీ ఇటే. తిరుపతి ఐఐటీ అంటారు గానీ ఉండేది ఏర్పేడులో. ఐసర్ కూడా ఈ మండలంలోనే. కొండల కింద ఒక్కసారిగా అంత పెద్ద భవనాలు కనిపిస్తే మా బావ సైకిల్ ఆపి, "ఇంత చదువు ఈడ ఉండాదా" అన్నాడు. రోడ్డు దిగి చెరువు కట్ట మీదుగా కొండ వైపు పోయే మట్టిదారి పట్టాం. ఎర్రటి దారి, రెండు పక్కలా పొదలు, నెమలి కూత. దారి కొద్దికొద్దిగా ఎక్కుతోంది. నేను గేరు తగ్గించా. మా బావ సీటు మీంచి లేచి నిలబడి తొక్కుతున్నాడు. ఇంకో రెండు కిలోమీటర్లలో నా చుక్కల దారి.

అక్కడ ఒక పెద్దాయన కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఫారెస్ట్ వాచరు.

"యాడికి?"

మ్యాప్ చూపించా. ఆయన ఫోన్ వైపు చూడను కూడా చూడలేదు. "ఈ రాయి దాటితే రిజర్వు ఫారెస్టు. పర్మిషన్ కాగితం ఉండాదా?"

లేదు. సైకిలే కదా, పొగ రాదు, చప్పుడు రాదు అన్నా.

"చప్పుడు రాకుండా పోయేవాళ్ళతోనే నాయనా మాకు తంటా."

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. దాని కోసం ఎంత రక్తం కారిందో ఈ జిల్లాలో వేరే చెప్పక్కర్లేదు. అడవిలో కొత్త మొహం కనిపిస్తే ముందు అనుమానమే. అనుమతి లేకుండా రిజర్వు ఫారెస్టులో అడుగు పెడితే 1967 అటవీ చట్టం కింద కేసు. ఫోన్లో మ్యాప్ గీత చూపించినంత మాత్రాన అది దారి కాదు, దారైనా మనది కాదు. అడవిలోనే తొక్కాలనుంటే కడప రోడ్డులో మామండూరు లాంటి చోట్ల అటవీ శాఖవాళ్ళ ఎకో టూరిజం ఉంది, అడిగి, కట్టి, పోవచ్చు. వాచరు ఇంకో మాట కూడా చెప్పాడు. చిరుతలు పొద్దుపోయాక చెరువుకి వస్తాయట. 2023లో అలిపిరి నడకదారిలో చిన్నపిల్ల విషయం గుర్తొచ్చి వాదన అక్కడితో ఆపేశా.

కట్ట మీద కూర్చుని ముగ్గురం చెనిక్కాయలు తిన్నాం. అవ్వవీ, మా బావవీ కలిపి. ఆయన అట్లాస్‌ని తట్టి చూశాడు. "నేను కూడా దీని మీదనే డ్యూటీకి వచ్చేవాణ్ణి. ఇప్పుడు బండి ఇచ్చినారు" అన్నాడు. నా సైకిల్‌ని ఒక వేలితో ఎత్తి, బరువు చూసి, రేటు అడిగి, మళ్ళీ కింద పెట్టేశాడు. చెప్పిన రేటు నమ్మలేదు.

తిరుగుదారిలో ఏర్పేడు వచ్చేసరికి సాయంత్రం నాలుగు. ముందు ఆ మూడు కిలోమీటర్ల హైవే. మా బావ నా మొహం చూశాడు. ఖాళీగా పోతున్న ఒక టాటా ఏస్‌ని ఆపి, రెండు వందలకి మాట్లాడి, సైకిళ్ళు రెండూ వెనక పడుకోబెట్టాడు. కంచె దాటిన తర్వాత, ఏటి గట్టు దారి దగ్గర దింపమన్నాం. డ్రైవరన్న వింతగా చూశాడు. డబ్బులిచ్చి బండెక్కి, ఊళ్ళో కాకుండా చేల మధ్యలో దిగేవాళ్ళు ఆయనకి రోజూ తగలరు కదా. అక్కడి నించి ఎండ తగ్గిన గట్టు మీద, కొంగలు లేస్తుంటే, ఇంటిదాకా మట్టిదారే. ఫోన్లో లెక్క చూస్తే బండి మీద వచ్చిన ముక్క తీసేసి 58 కిలోమీటర్లు.

గుడిమల్లం దాకా పోయి గట్టు వెంబడి ఏరు చూసి వెనక్కి వచ్చేస్తే మీకు హైవే బాధ ఉండదు. సగం రోజు చాలు. రెండు ట్యూబులు, ప్యాచ్ డబ్బా, గాలి పంపు, మూడు లీటర్ల నీళ్ళు పెట్టుకోండి. ఎవరి చేలో నుంచి అయినా పోవాల్సి వస్తే దిగి అడగండి. ఎవరూ వద్దనరు, పైగా ఏదో ఒకటి తినమంటారు. నేను ఆ మూడు కిలోమీటర్లకి ఇంకో దారి ఉందేమోనని వెతుకుతూనే ఉన్నా. మేకల పిల్లోడు ఒక కాలవ కట్ట గురించి చెప్పాడు. వేసవి అయ్యాక పోయి చూడాలి.

ఇంటికి వచ్చేసరికి అమ్మ వాకిట్లో ఉంది. బట్టలకి ఎర్రమట్టి చూసింది. భుజం పట్టుకుని తిప్పి చూసింది.

"హైవే ఎక్కినావా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "పోయేటప్పుడు మూడు కిలోమీటర్లు. వచ్చేటప్పుడు టాటా ఏస్‌లో వేసుకొచ్చాం."

అమ్మ నన్ను వదిలేసి మా బావ వైపు తిరిగింది.

"పోయేటప్పుడు దొరకలేదేం అబ్బోడా, ఆ టాటా ఏస్?"